కౌన్సా యాకూబ్?

2023 నవంబర్ 2న వరల్డ్ కప్‌లో ఇండియా, శ్రీలంక మ్యాచ్. ముంబై వాంఖడేలో మనోళ్లు 357 కొట్టారు. మగ్రిబ్ నమాజ్ చదువుకొచ్చి టీవీ ముందు కూర్చున్నాను. శ్రీలంక 55 పరుగులకే ఖతం. షమీకి ఐదు వికెట్లు, సిరాజ్‌కు మూడు. పక్కన మా బిటియా. స్కోర్ బోర్డు మీద రెండు పేర్ల ముందూ ఒకే అక్షరం చూసి అడిగింది: "అబ్బా, యే దోనో సగే భాయాఁ హై క్యా?"

నవ్వొచ్చింది. సిరాజ్ మన హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. షమీది ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లో అమ్రోహా. ఇద్దరికీ ఏ రిష్తా లేదు. "మరి ఫస్ట్ నేమ్ ఒకటే కదా!" అంది. బడిలో ఫారాలు నింపీ నింపీ ఆ పిల్లకు అదే లెక్క.

ఆ లెక్కన పాకిస్తాన్ టీమ్ మొత్తం ఒకే ఖాందాన్ అవ్వాలి. 2022 టీ20 వరల్డ్ కప్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద ఆడిన పదకొండు మందిలో నలుగురు మొహమ్మద్‌లు: రిజ్వాన్, హారిస్, నవాజ్, వసీం. అది చాలదన్నట్టు మొహమ్మద్ హారిస్‌తో పాటు హారిస్ రౌఫ్ కూడా ఉన్నాడు. పాత రోజుల్లో మాత్రం నిజంగానే సగే భాయిలు ఆడారు. 1969లో కరాచీలో న్యూజిలాండ్ మీద హనీఫ్, ముష్తాఖ్, సాదిఖ్ ముగ్గురన్నదమ్ములు ఒకే టెస్టులో దిగారు. వాళ్లకు మొహమ్మద్ పేరు చివర వచ్చేది.

మన ఇళ్లలో మొహమ్మద్ అనేది బర్కత్ కోసం పెట్టుకునేది. దాంతో ఎవరూ పిలవరు. కోపంలో అసలే పిలవరు, బేఅదబీ. మా అమ్మీ నన్ను ఎంత తిట్టినా "క్యా రే యాకూబ్" దగ్గరే ఆగేది. కాగితాల మీద మాత్రం అదే ముందుంటుంది. మా తెలుగు సారు హాజరు పట్టీలో "ఎం.డి. యాకూబ్" అని చదివి, "అప్పుడే ఎం.డి. చేసినవారా డాక్టరూ?" అని ఏడాదంతా నవ్వించాడు. ఇప్పటికీ ఎవరిదో పంట లోన్ బాకీ మెసేజ్ నా ఫోన్‌కు వస్తుంది. ఆ మొహమ్మద్ యాకూబ్ నేను కానని చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది.

కానీ మా తొర్రూరు టీమ్‌లో మొహమ్మద్‌తో తకలీఫ్ లేదు, యాకూబ్‌తోనే. అజహరుద్దీన్ ఇండియా కెప్టెన్‌గా ఉన్న రోజులు. మేమంతా కాలర్ పైకి లేపి, మణికట్టు తిప్పి షాట్లు కొట్టాలని చూసేవాళ్లం. మా పదకొండు మందిలో ముగ్గురు యాకూబ్‌లు, పైన ఒక యాకయ్య. పుస్తకాలు పట్టుకుని తిరుగుతాను గనక నేను కితాబ్ యాకూబ్. పొడుగ్గా ఉండి ఫాస్ట్ బౌలింగ్ వేసేవాడు లంబూ. అందరికంటే చిన్నవాడు ఛోటా. స్కోరు రాసే పిల్లగాడు వికెట్ పడ్డప్పుడల్లా "కౌన్సా యాకూబ్?" అని అరిచేవాడు.

ఒకసారి మరిపెడ టీమ్‌తో మ్యాచ్. గెలవడానికి నాలుగు పరుగులు కావాలి. క్రీజులో నేనూ లంబూ. బాల్ మిడ్ వికెట్ వైపు పోయింది. బయటి నుంచి యాకయ్య గొంతు చించుకున్నాడు, "యాకూబ్, ఉరుకు! యాకూబ్, ఆగు!" అని. ఎవరిని ఉరకమన్నాడో, ఎవరిని ఆగమన్నాడో వాడికే తెలియాలి. ఇద్దరం ఒకే వికెట్ దగ్గర తేలాం. మరిపెడ వాళ్లు నవ్వుకుంటూ నింపాదిగా నడిచొచ్చి అవతలి వికెట్ పడగొట్టారు. లంబూ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఒక్క ఊళ్లో ఇన్ని యాకూబ్‌లేంటని బయటివాళ్లు అడుగుతారు. మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పర్వతగిరి మండలంలో, మాకు దగ్గర్లోనే అన్నారం షరీఫ్ ఉంది, యాకూబ్ షహీద్ బాబా దర్గా. ఔలాద్ లేనివాళ్లు, పుట్టిన బిడ్డలు దక్కనివాళ్లు అక్కడ మన్నత్ పట్టి, బిడ్డ బతికితే కందూరు చేసి బాబా పేరు పెట్టుకుంటారు. ముసల్మాన్ ఇంట్లో యాకూబ్ పాషా, యాకూబీ. హిందూ ఇంట్లో యాకయ్య, యాకమ్మ. యాకూబ్ రెడ్డి అనే పేరు వింటే హైదరాబాద్‌లో మా ఆఫీసువాళ్లు మజాక్ అనుకుంటారు, మా దిక్కు అది మామూలు పేరు. దర్గాకు మొక్కడం జాయెజా కాదా అన్న బహస్ నాకూ తెలుసు, మా ఇంట్లోనే జరిగింది. ఇక్కడ దాంట్లోకి పోను.

నా ముందు అమ్మీకి ఇద్దరు పుట్టి పోయారు. లంబూ వాళ్ల అమ్మీకి ఒకరు. ఇద్దరూ పక్క పక్క గల్లీల్లో ఉండేవాళ్లు, ఒకే ఎడ్లబండిలో అన్నారం పోయి మన్నత్ పట్టారు. యాకయ్య వాళ్లమ్మదీ అదే కథ. ఆటలో మేం ఒకరి పేరు మీద ఒకరం నవ్వుకున్నాం గానీ, ఆ పేరు పెట్టేనాడు మా తల్లుల గుండెల్లో ఎంత ఖౌఫ్ ఉందో మాకేం తెలుసు. మేం పుట్టాక వాళ్ల పేర్లు కూడా పోయాయి. ఒకరినొకరు "యాకూబ్ కీ అమ్మీ" అనే పిలుచుకునేవాళ్లు. గల్లీ మొదట్లో నిలబడి ఎవరైనా అలా కేకేస్తే రెండు గడపల్లో నుంచి జవాబు వచ్చేది.

2021 మే. కరోనా రెండోసారి కాటేస్తున్న రోజులు. నేను హైదరాబాద్‌లో, అమ్మీ తొర్రూరులో. ఒక మధ్యాహ్నం వాట్సాప్‌లో మెసేజ్ తిరిగింది: తొర్రూరు మొహమ్మద్ యాకూబ్ ఇంతెఖాల్ అయిండు, దువా చేయండి. ఎవరి కొడుకో రాయలేదు. పక్కింటి అబ్బాయి చదివి అమ్మీకి చెప్పాడు. అమ్మీ నాకు ఫోన్ చేసింది. నేను జుహర్ నమాజ్‌లో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. సలాం తిప్పి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్.

తిరిగి చేస్తే, "తూచ్ హై నా బేటా?" అంది. అవునన్నాను. "అల్‌హందులిల్లా, అల్‌హందులిల్లా" అని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఠక్కున ఆగిపోయింది. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత చిన్న గొంతుతో, "ఫిర్ కౌన్సా యాకూబ్ రే?" అంది.

లంబూ. డీసీఎం నడిపేవాడు. నాలుగు రోజుల జ్వరం, ఆక్సిజన్ బెడ్ కోసం ఒక రాత్రంతా తిరిగారట. జనాజాకు పదిమంది కూడా లేరు. నేనూ పోలేకపోయాను. అంతకు ఆరు నెలల ముందు, 2020 నవంబర్‌లో, సిరాజ్ అబ్బా ఇంతెఖాల్ అయ్యారు. ఆస్ట్రేలియా టూర్‌లో ఉన్న సిరాజ్ జనాజాకు రాకుండా టీమ్‌తోనే ఉండిపోయాడు. ఎట్లా ఉండగలిగాడా అని అప్పుడు అనుకున్నాను. నాకైతే తొర్రూరు నూటయాభై కిలోమీటర్లు కూడా దూరం లేదు.

అమ్మీ తన అల్‌హందులిల్లాను మాఫ్ చేసుకోలేదు. "నా కొడుకు కాదని షుకర్ చేశాను. అదే ఘడియలో ఆమె కొడుకు మయ్యత్ లేస్తోంది" అని పదే పదే అనేది. అల్లాకు నీ దిల్ తెలుసులే అమ్మీ అన్నా వినేది కాదు. లాక్‌డౌన్ పోయి, దారులు తెరుచుకున్నాక కూడా పక్క గల్లీకి పోలేదు. ఈద్ షీర్ ఖుర్మా ఛోటాతో పంపింది. తను మాత్రం పోలేదు.

అసలు సంగతి ఆ తర్వాత ఒకరోజు చెప్పింది. "పోయి ఆమెను ఏమని పిలవాలి రా?" అంది. నలభై ఏళ్లుగా పిలిచే పిలుపు ఒక్కటే. ఆ పిలుపులోనే కొడుకు పేరుంది. అది తప్ప ఆమె అసలు పేరు అమ్మీకి కూడా యాద్ లేదు.

చివరికి నేను ఊరికి పోయినప్పుడు తీసుకుపోయాను. అసర్ అయ్యాక పోయాం. తలుపు ఓరగా వేసి ఉంది. అమ్మీ గడప ముందు నిలబడింది, పిలవలేదు. నేను పిలవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగింది.

"బాహర్ కాయ్‌కూ ఖడే?" అంది లోపలి గొంతు. "అందర్ ఆవో, యాకూబ్ కీ అమ్మీ."