పక్ దగ్గర లేనప్పుడు

ఆట మొదలవడానికి గంట ముందే నేను అరీనాలో ఉంటాను. ఆబట్స్‌ఫర్డ్‌లో అయితే మూలన, పై వరుసలో కూర్చుంటాను. అక్కడి నుంచి 200 అడుగుల మంచు మైదానం ఒక్క చూపులో అందుతుంది. చేతిలో లైనప్ కాగితం, రెండు పెన్సిళ్లు. చలికి పెన్ను మొరాయిస్తుంది కాబట్టి దాన్ని ఇంట్లోనే వదిలేస్తాను. వార్మప్‌లో ముందు కాళ్లు చూస్తాను, తర్వాత నడుము, ఆ తర్వాతే చేతులు.

నా పని స్కౌటింగ్. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఉంటూ, అమెరికన్ హాకీ లీగ్‌లో, అంటే ఏహెచ్ఎల్‌లో ఐస్ హాకీ ఆడే కుర్రాళ్లను చూసి, వాళ్లలో ఎవరు నేషనల్ హాకీ లీగ్‌కు, అంటే ఎన్‌హెచ్ఎల్‌కు పనికొస్తారో రిపోర్టు రాస్తాను. పైనున్నది ప్రపంచంలోకెల్లా పెద్ద లీగు. నేను చూసేది దానికి ఒక్క మెట్టు కింద.

పని నేర్చుకుందామని నా పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరూ మొదటి రోజే అడుగుతారు, "ఇతను పైకి వెళ్తాడా సార్?" అని. ఆ ప్రశ్నను కాస్త మార్చుకోండి. "పైన ఇతనికి ఏ పని ఇస్తారు?" అని అడగండి. అలా అడిగితే చూపు దానంతటదే సరైన చోటికి వెళ్తుంది.

లెక్క చెబుతాను. పైన 32 జట్లు. ఒక్కో జట్టులో 23 మంది. ఒక రాత్రి ఆటకు సిద్ధమయ్యేది 12 మంది ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెన్స్, ఇద్దరు గోలీలు. ఆ 12 మందిలో మొదటి రెండు లైన్ల ఆరుగురూ గోల్స్ కొట్టడానికి. మిగతా ఆరుగురి పని అవతలివాళ్లను కొట్టనివ్వకుండా చూడటం. ఎన్‌హెచ్ఎల్ ఆటగాళ్లలో దాదాపు 90 శాతం మంది ఏహెచ్ఎల్‌లో ఆడినవాళ్లే. ఈ మాట విని కుర్రాళ్లు సంబరపడతారు. పైకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఈ దారిన వచ్చారన్నది నిజమే. అంతమాత్రాన ఈ దారిలో ఉన్నవాళ్లంతా పైకి వెళ్తారని కాదు. కింద గోల్స్ కొట్టే కుర్రాడికి పైన మొదటి ఆరు కుర్చీల్లో ఒకటి ఖాళీ అయితే సరే. లేకపోతే అతను మిగతా ఆరుగురి పని చెయ్యగలడా? అది చేతకానివాణ్ణి మేం ట్వీనర్ అంటాం. కిందికి ఎక్కువ, పైకి తక్కువ. ఆ మాట వినడానికి చిన్నదే గాని, దాని కింద నలిగిపోయిన జీవితాలను దగ్గర నుంచి చూశాను.

నాది తెనాలి దగ్గర పల్లె. కబడ్డీ ఆడుతూ పెరిగాను. కూతకొచ్చినవాడి కళ్లు చూడొద్దు, చెయ్యి చూడొద్దు, నడుము చూడమని మా ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేవారు. నడుము అబద్ధం ఆడదు. చదువుకోసం ఇక్కడికి వచ్చి, ఫీజులకు డబ్బు చాలక, రాత్రిపూట ఒక రింకులో స్కేట్లకు పదును పెట్టే పనిలో చేరాను. ఆట కంటే ముందు నాకు అంచులు పరిచయమయ్యాయి.

స్కేటు బ్లేడు అడుగు చదునుగా ఉండదు. మధ్యలో సన్నని గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఆ గాడిని హాలో అంటారు. అర అంగుళం వ్యాసార్థంతో తీస్తే మామూలు గాడి. అంకె తగ్గేకొద్దీ గాడి లోతవుతుంది, మంచును గట్టిగా పడుతుంది. అంకె పెరిగితే పట్టు తగ్గి జారుడు పెరుగుతుంది. పదును పెట్టాక బ్లేడును తలకిందులుగా పట్టుకుని, దానికి అడ్డంగా ఒక నాణెం పెట్టి, కంటి ఎత్తుకు తెచ్చి చూడాలి. నాణెం ఒకవైపు వాలిందంటే అంచులు సమంగా లేవన్నమాట.

మొదటి నెలలో ఒక రాత్రి పదకొండు జతలు ఒకేసారి వచ్చాయి. తొందరలో నాణెం పెట్టకుండానే ఇచ్చేశాను. ఒక డిఫెన్స్ కుర్రాడు మొదటి మలుపులోనే కాలు జారి, మైదానం చుట్టూ ఉండే బోర్డ్స్‌కు కొట్టుకున్నాడు. దెబ్బ పెద్దది కాకపోవడం నా అదృష్టం. రింకులో నాకు పని నేర్పే పెద్దాయన ఆ స్కేటు తెచ్చి నా ముందు పెట్టి, జేబులోంచి నాణెం తీసి దాని మీద ఉంచారు. ఒక్క మాటా అనలేదు. వాలిన ఆ నాణెం ఈనాటికీ నా కళ్ల ముందే ఉంది. చూశాననుకోవడం వేరు, కొలవడం వేరు. ఆయన దగ్గర నేర్చుకున్న ఆ ముక్కే ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది.

స్కేట్ల గదిలోంచి వీడియో గదికి, అక్కడి నుంచి స్కౌటింగ్‌కు వచ్చాను. ఇక్కడ నాకు దొరికిన గురువు సస్కాచెవాన్ మనిషి. జీవితంలో సగం కారులోనే గడిపినవాడు. ఆయన నన్ను దిద్దిన తీరు చెప్పాలంటే ఒక కుర్రాడి కథ చెప్పాలి.

ఆ కుర్రాడు కాలిఫోర్నియాలో రోలర్ హాకీ ఆడుతూ పెరిగాడు. చక్రాల మీద. మంచు మీదికి ఆలస్యంగా వచ్చాడు. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. ఎన్‌హెచ్ఎల్ జట్లు కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు గడిచినా ఎవరూ అతని పేరు పిలవలేదు. ఒక చిన్న ఒప్పందం మీద ఏహెచ్ఎల్‌కు వచ్చాడు. ఐస్ స్కేటును అడ్డంగా తిప్పి మంచును గీరితే మనిషి టక్కున ఆగుతాడు. చక్రాలతో అది అంత సులువు కాదు. అందుకే అక్కడి పిల్లలు ఆగడానికి బదులు గుండ్రంగా తిరగడం అలవాటు చేసుకుంటారు. ఈ కుర్రాడూ అంతే. పక్‌తో, అంటే ఆటలో బంతిలా వాడే రబ్బరు బిళ్లతో, అవతలి జట్టు వైపు బ్లూ లైన్ దాటగానే, డిఫెన్స్ మనిషి ఎదురొస్తే, బోర్డ్స్ వైపు ఒక చుట్టు తిరిగేవాడు. మన కంటికి అది వెనక్కి తగ్గినట్టే ఉంటుంది. పాయింట్లు, అంటే గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు, మాత్రం బాగానే వస్తున్నాయి.

నా మొదటి రిపోర్టు మూడు వాక్యాలు: "ఆగడు, తిరుగుతాడు. ఢీకొనకుండా తప్పించుకుంటాడు. పైన కుదరదు." గురువు చదివి అడిగారు, "తిరిగినప్పుడు పక్ ఎన్నిసార్లు పోయింది?" నేను లెక్కపెట్టలేదు. "తిరిగే ముందు ఎటు చూస్తున్నాడు?" గమనించలేదు. "అయితే నువ్వు రాసింది ఆ అబ్బాయి గురించి కాదు, నీకు ఏం నచ్చదో రాశావు" అన్నారు. బ్లేడు మీద వాలిన నాణెం మళ్లీ గుర్తొచ్చింది.

నాలుగు ఆటల వీడియో పెట్టుకుని, అతను బరిలో ఉన్న ప్రతి షిఫ్టూ చూశాను. ఒక షిఫ్టు అంటే ముప్పావు నిమిషం. మొదట తేలింది ఏమిటంటే, తిరిగే ముందు అతను భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూస్తున్నాడు. వెనక నుంచి ఆలస్యంగా వచ్చే తన జట్టువాడి కోసం. ఆ చుట్టు తిరగడంతో డిఫెన్స్ మనిషి ఒకడుగు బయటికి వస్తున్నాడు, మధ్యలో దారి తెరుచుకుంటోంది, పక్ అక్కడికి వెళ్తోంది. నేను పిరికితనం అనుకున్నది అతని విద్య.

రెండోది ఇంకా ముఖ్యం. పక్ తన దగ్గర లేనప్పుడు కూడా అతను తిరుగుతున్నాడు. అవతలి జట్టు పక్ లాక్కున్న క్షణంలో ఆగి వెనక్కి మళ్లాల్సింది పోయి, పెద్ద చుట్టు తిరిగి వస్తున్నాడు. ఆలోగా అతను కాయాల్సిన మనిషి మూడడుగులు ముందుంటున్నాడు. కింద ఆ మూడడుగులకు శిక్ష పడకుండా పోవచ్చు. పైన అది గోల్. అంటే నేను అతని బలాన్ని తప్పుపట్టి, అసలు తప్పును వదిలేశాను.

రెండో రిపోర్టులో రాశాను: "పక్ ఉన్నప్పుడు తిరగనివ్వండి. లేనప్పుడు ఆగడం నేర్పండి." ఆ వేసవిలో స్కేటింగ్ కోచ్ అతనితో ఆగడం, మళ్లీ బయలుదేరడం, ఆ రెండే వారాల తరబడి చేయించారు. చక్రాల అలవాటుకొద్దీ అతను బాగా జారే గాడి కోరుకునేవాడు. సామాన్లు చూసే మిత్రుడితో మాట్లాడి, గాడిని కొంచెం కొంచెంగా లోతు చేయించాం. ఒక్కసారిగా మారిస్తే బ్లేడు మంచును పట్టేసి పడతారు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇలాంటి కుర్రాళ్లకు నేను యానీ గూర్డ్ కథ చెబుతాను. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. పొట్టివాడు. ఏహెచ్ఎల్ కంటే కిందిదైన ఈసీహెచ్ఎల్‌లోనూ ఆడాడు. పైన పూర్తి సీజన్ ఆడే అవకాశం వచ్చేసరికి వయసు 25 దాటింది. ఆ 2017-18 సీజన్‌లో 25 గోల్స్ కొట్టాడు. అయినా తర్వాత టాంపా బే జట్టు అతన్ని వాడుకున్నది మూడో లైన్‌లో, ఎదుటివాళ్లకు ఊపిరాడనివ్వని పనికి. 2020లో, 2021లో ఎన్‌హెచ్ఎల్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్పు రెండుసార్లు గెలిచాడు. 2021 సెమీఫైనల్ ఏడో ఆటలో న్యూయార్క్ ఐలాండర్స్ మీద పడింది ఒకే ఒక్క గోల్. అది గూర్డ్‌దే. పైగా తన జట్టు ఒక మనిషి తక్కువగా ఆడుతున్నప్పుడు కొట్టాడు. గోల్ పడకుండా చూడటానికి పంపిన మనిషి గోల్ కొట్టుకొచ్చాడు. ఆ పని నేర్చుకోకపోతే ఆ క్షణంలో అతను బెంచి మీదే ఉండేవాడు.

మార్టిన్ సాన్ లూయీ కూడా పొట్టివాడే, డ్రాఫ్ట్‌లో అతనిదీ అదే గతి. కాల్గరీ వదులుకున్నాక 2000లో టాంపా వెళ్లి, 2003-04లో 94 పాయింట్లతో లీగులోనే మొదటివాడయ్యాడు. అదే ఏడాది కప్పూ ఎత్తాడు. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు.

మా ఇంటికి దగ్గర కథ అర్ష్‌దీప్ బైన్స్‌ది. ఇక్కడి సర్రీ ఊరి కుర్రాడు, పంజాబీ బిడ్డ. 2021-22లో జూనియర్లు ఆడే వెస్టర్న్ హాకీ లీగ్‌లో 112 పాయింట్లతో అందరికంటే ముందున్నా, అప్పటికి అతన్నీ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఎన్‌హెచ్ఎల్ జట్టు వాంకూవర్ ఒప్పందం ఇచ్చి, తన కింది ఏహెచ్ఎల్ జట్టు ఆబట్స్‌ఫర్డ్‌కు పంపింది. మొదటి ఏడాది పాయింట్లు బాగా తగ్గాయి. పెద్దవాళ్ల ఆటలో అది మామూలే. అతను పక్ లేని ఆట మీద పడ్డాడు. 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్ఎల్‌లో మొదటి ఆట ఆడాడు. 2025లో ఆబట్స్‌ఫర్డ్ ఏహెచ్ఎల్ విజేతలకిచ్చే కాల్డర్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. అరీనాలో పంజాబీ కేకలు మోగుతుంటే నాకు మా ఊరి కబడ్డీ పోటీలు గుర్తొస్తాయి. మన పిల్లలూ ఇప్పుడు ఇక్కడి రింకుల్లో పడుతూ లేస్తూ ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు నన్ను ఆపి అడిగితే బైన్స్ కథే చెబుతాను.

రోలర్ హాకీ నుంచి వచ్చిన మా కుర్రాడికి రెండేళ్ల తర్వాత పిలుపు వచ్చింది. పైన ఒక ఫార్వర్డ్‌కు దెబ్బ తగిలింది. ఖాళీ అయింది నాలుగో లైన్‌లో, పెనాల్టీ కాసే కుర్చీ, అంటే జట్టు ఒక మనిషి తక్కువగా ఉన్నప్పుడు గోల్ పడకుండా చూసే పని. ఆ పని చెయ్యగలవాళ్లు ఎవరని అడిగితే మా జాబితాలో అతని పేరుంది. రెండేళ్ల కిందట ఉండేది కాదు.

ఆ రాత్రి గురువూ నేనూ కలిసి చూశాం. మొదటి షిఫ్టులో పక్ అతన్ని తాకనేలేదు. అవతలివాళ్లు లాక్కుని పరుగెత్తారు. మంచు పొడి లేచేలా టక్కున ఆగాడు, వెనక్కి మళ్లాడు, తన మనిషి కర్రను తన కర్రతో ఎత్తాడు, నేరుగా బెంచికి వచ్చేశాడు. టీవీ వ్యాఖ్యాత ఆ షిఫ్టు గురించి ఏమీ అనలేదు. గురువు నా భుజం తట్టారు. రెండో పీరియడ్‌లో పక్ దొరికింది. బ్లూ లైన్ దాటి, వెనక్కి చూసి, బోర్డ్స్ వైపు తన పాత చుట్టు తిరిగాడు. డిఫెన్స్ మనిషి బయటికొచ్చాడు. పాస్ వెళ్లింది. గోలీ ఆపేశాడు. అయినా నా కాగితం మీద టిక్కు పడింది.

కొన్ని ఆటల తర్వాత కిందికి పంపారు. మళ్లీ పిలిచారు. ఇప్పటికీ అలాగే పైకీ కిందికీ తిరుగుతున్నాడు. పైన ఒక జీతం, కింద ఒక జీతం, సర్దుకుని ఉంచిన సంచి. నిలబడిపోతాడా అని అడిగితే, పని ఉన్నంతకాలం పిలుపు వస్తుందని చెప్పగలను. అంతకుమించి రాయడం నా వృత్తికి తప్పు.

రేపటి ఆటకు మీరు నా పక్కన కూర్చోండి. ఒక్క కుర్రాణ్ణి ఎంచుకుని, ఒక పీరియడ్ మొత్తం పక్ వైపు చూడకుండా అతన్నే చూడండి. ఎన్నిసార్లు ఆగాడు, ఎన్నిసార్లు తిరిగాడు, తిరిగే ముందు ఎటు చూశాడు, గీతలు పెట్టండి. గోల్ పడి జనమంతా లేచినా తలెత్తకండి. స్కోరు బోర్డు చూసి నేను చెబుతాను. మీ కాగితం మీది గీతలు నాకు చెప్పండి.