మిల్లులో జానీ లీవర్

నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. తప్పులుంటే క్లబ్ సీనియర్లు సర్దుకుపోవాలి.

మాది మండపేట. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. టీవీలో పాత హిందీ సినిమా వస్తే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, జానీ లీవర్ కనపడేదాకా నాన్న ఛానల్ మార్చనివ్వరు. "మనోడేరా, కనిగిరి" అంటారు. నేను చాలా రోజులు నమ్మలేదు. తర్వాత చదివితే నిజమే. అసలు పేరు జనుముల జాన్ ప్రకాశరావు. పుట్టింది 1957లో, కనిగిరిలో. పెరిగింది ముంబై ధారావి వైపు. ఇంట్లో డబ్బుల్లేక ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. రోడ్ల మీద సినిమా హీరోల గొంతులు అనుకరిస్తూ పెన్నులు అమ్మాడు. తర్వాత వాళ్ల నాన్న పనిచేసే హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే కూలీగా చేరాడు.

నేను స్టాండప్ చేయాలనుకున్నది మాత్రం యూట్యూబ్ చూసి. ఫస్టియర్ ఫెస్ట్‌లో ఇంగ్లీష్‌లో ఐదు నిమిషాలు మాట్లాడాను. డేటింగ్ యాప్‌ల మీద జోకులు. నేను ఒక్క యాప్ కూడా వాడలేదు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు స్పష్టంగా వినపడింది.

సెకండియర్‌లో ఒకరోజు హాస్టల్ రూమ్‌లో ఊరికే నాన్నని చేసి చూపించాను. ఓనర్ గారి దగ్గర్నుంచి ఫోన్ రాగానే కూర్చున్నవాడు లేచి నిలబడడం, ఎవరూ చూడకపోయినా లుంగీ సర్దుకోవడం, "ఆయ్... ఆయ్ అండి... అలాగేనండి" అనడం. మావాళ్లు మంచాల మీంచి కింద పడి నవ్వారు. ఎవడో వీడియో తీసి రీల్ పెట్టాడు. ఆ రాత్రి వ్యూస్ లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

తర్వాతే జానీ లీవర్ అనే పేరు ఎలా వచ్చిందో చదివాను. కంపెనీ ఫంక్షన్‌లో ఆయన పెద్ద పెద్ద ఆఫీసర్లని, వాళ్ల ముందే, అనుకరించాడట. కింద కూర్చున్న కార్మికులు పడిపడి నవ్వి, నువ్వు జానీ లీవర్‌వి అన్నారట. కంపెనీ పేరే ఇంటిపేరయింది. అది చదివాక రీల్ మళ్లీ చూసుకున్నాను. ఆయన స్టేజీ మీద చేసింది తన పైవాళ్లని, వాళ్లకి ఎదురుగా. నేను చేసింది నా ఫీజు కోసం లేచి నిలబడే మనిషిని, ఆయన వెనకాల. నవ్వు అంతే పెద్దగా వచ్చింది, కానీ రెండూ ఒకటి కాదు.

జానీ లీవర్ 1981లో ఉద్యోగం మానేశాడు. "చూశావా, ప్యాషన్ కోసం జాబ్ వదిలేశాడు" అని మా రూమ్మేట్ అంటాడు. కానీ అప్పటికే ఆయన ఏళ్ల తరబడి స్టేజీ షోలు చేస్తున్నాడు. కళ్యాణ్‌జీ-ఆనంద్‌జీ బృందంతో తిరిగాడు. స్టాండప్ అనే మాట మన దేశంలో పెద్దగా ఎవరికీ తెలియని రోజులవి. ఆయన ప్రతిభ చూసి సునీల్ దత్ 'దర్ద్ కా రిష్తా'లో వేషం ఇచ్చాడు. అది 1982. అందరూ గుర్తుపట్టేంత పేరు 'బాజీగర్'తో వచ్చింది, 1993లో. మధ్యలో పదకొండేళ్లు. మా రూమ్మేట్ కథలో ఆ పదకొండేళ్లు ఉండవు.

సంక్రాంతికి ఇంటికెళ్లాను. భోజనాలయ్యాక మా బాబాయి కొడుకు ఫోన్ తీసి, "పెదనాన్నా, అన్నయ్య నిన్ను ఎలా చేశాడో చూడు" అని రీల్ పెట్టేశాడు. నాకు చెమటలు పట్టాయి. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చూశారు. ఏమీ అనలేదు. రెండోసారి పెట్టమన్నారు.

"ఫోన్ కుడిచేత్తో కాదురా," అన్నారు చివరికి. "కుడిచేతిలో పెన్నుంటుంది. ఆయన బస్తాల లెక్క చెప్తాడు, రాసుకోవాలి కదా."

సారీ నాన్నా అనబోయాను. ఆయన వినిపించుకోకుండా లేచి నిలబడ్డారు. "అయినా నన్ను చేస్తే ఏముంటుంది? అసలు చేయాల్సింది అవతలి మనిషిని" అంటూ పొట్ట ముందుకు పెట్టి, పళ్ల మధ్య పుల్ల ఉన్నట్టు మూతి వంచి, "ఏమయ్యా, తేమ ఎంతుంది? నిన్న కూడా అంతే అన్నావు, రేపు కూడా అంతే అంటావా?" అన్నారు. గొంతు పూర్తిగా మారిపోయింది. అమ్మకి నవ్వి నవ్వి పొలమారింది.

"ఇది ఎప్పుడు నేర్చుకున్నావు?" అని అడిగాను.

"ఇరవై ఏళ్ల నుంచి. లారీ లోడింగ్ ఆలస్యమైతే కుర్రాళ్లు చేయమంటారు."

ఇరవై ఏళ్లు. నా వయసు పంతొమ్మిది.

రీల్ తీసేయించాను. నాన్న ఎందుకు తీసేశావని తిట్టారు. వచ్చే ఫెస్ట్‌కి మళ్లీ పేరిచ్చాను, ఈసారి తెలుగులో. ఫోన్ ఎడంచేత్తో పట్టుకోవడం ప్రాక్టీస్ చేస్తున్నాను.