అడ్డగీత లేని పద్దు

మంచి చావునిమ్మని వేడుకోవడం ముస్లిముల ఇళ్ళలో తరచు వినిపించే దుఆ. ఆ మంచి ముగింపునే 'హుస్నె ఖాతిమా' అంటారు. చివరి శ్వాసలో నోట కలిమా పలకడమే అందులోని పరమార్థమని పలువురు భావిస్తారు. మా దాదా లెక్క వేరు. ఆయన దానిని బాకీల పుస్తకంలో వెదికేవారు.

హజ్ నుంచి జమ్‌జమ్ నీటిలో తడిపి తెచ్చుకున్న కఫన్ గుడ్డ ఆయన ట్రంకుపెట్టె అడుగున ఉండేది. దానిపైనే ఆ పుస్తకం. కిరాణా కొట్టుకు 12 రూపాయలు, పొరుగింటివారి గడ్డపార... తీర్చగానే అడ్డగీత.

అప్పు మిగిల్చి పోయిన మనిషికి జనాజా నమాజు చేయించడానికి ప్రవక్త వెనుకాడారనీ, ఆ అప్పు తాను తీరుస్తానని అబూ ఖతాదా ఒప్పుకున్న పిమ్మటనే చేయించారనీ హదీసు. ఖుర్ఆన్‌లో అతి దీర్ఘమైన ఆయత్ (2:282) స్వర్గనరకాలను గూర్చినది కాదు. అప్పును సాక్షుల ఎదుట వ్రాసి ఉంచుకోవడాన్ని గూర్చినది! తలచినప్పుడల్లా నాకు అబ్బురమే.

తోటి మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే మన్నించాలంటారు. పైకమైతే వారసులు తీర్చగలరు. నొప్పించిన మాటనో?

దాదా పోయాక అడ్డగీత లేని పద్దు ఒక్కటే కనిపించింది. అంకె లేదు. మా గట్టు పక్క రైతు పేరు, దాని ఎదుట 'మాట అన్నాను' అని మాత్రం. మూడవనాడు నాన్న వారింటికి వెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను. ఆ పెద్దాయన చాలాసేపు నేలకేసి చూసి, "నాకు జ్ఞాపకమే లేదు నాయనా" అన్నారు.

తిరిగి వచ్చే దారిలో నాన్న అన్నారు: "ఉంది. ఆయనకు జ్ఞాపకం ఉంది."

ఆ పద్దుపై నాన్న గీత గీయలేదు.