కొత్త బండికి రెండో ఓనరు

చేను అమ్మిన డబ్బుతో నాయన కారు కొందామన్నాడు. కోవిల్‌పట్టిలో ఒక బ్రోకరు, "పుదుచ్చేరి బండి, కొత్తదే, అక్కడ పన్ను తక్కువ. విరుదునగర్ షోరూం కంటే చవగ్గా ఇప్పిస్తా" అన్నాడు. మేం అడిగింది ఒకటే: "ఫారం 21 ఎవరి పేరు మీద?" డీలరిచ్చే ఆ అమ్మకపు పత్రంలో ఉన్న పేరు మీదే మొదటి రిజిస్ట్రేషన్. అది వేరేవాళ్ల పేరంట! అంటే కొత్త బండికి మేం రెండో ఓనరు. పైగా 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే తమిళనాడు నంబరు తీసుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్సూ కట్టాలి. ఇంక మిగిలేదేముంది? విరుదునగర్ షోరూంలోనే ఎక్కువ పెట్టి కొన్నాం. మా ఊరి టీఎన్ 96 నంబరే వొచ్చింది. బిల్లు చూసి అవ్వ నాయనతో అనింది: "చేను పట్టాలో ఉన్నట్టే ఉందిరా, నీ పేరు."