ఫీజు లేని కాలేజీ

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రములో 2015 మొదలుకొని హైస్కూలు ముగించిన పిల్లలకు రెండేండ్ల కమ్యూనిటీ కాలేజీలో ఫీజు లేదని మీరు వినియుందురు. నిజమే, కాని లెక్క నిదానముగా చూడుడి. మొదట కేంద్ర ప్రభుత్వపు పెల్ గ్రాంటును ఫీజుకు జమకట్టి, తక్కువబడినంత మట్టుకే రాష్ట్రము ఇచ్చును. మిక్కిలి బీదపిల్లకు ఆ గ్రాంటు పెద్దది, 2024-25లో 7,395 డాలర్ల వరకు. గనుక ఫీజు పోగా పుస్తకములకును తిండికిని కొంత మిగులును. మధ్యతరగతి పిల్లవానికి ఫీజు మాత్రమే తీరును. పుస్తకములు, ప్రయాణము, రొట్టె అతని మీదనే యుండును. ప్రతి టర్ములో 8 గంటలు ఊరి సేవ చేయవలెనను షరతు నాకెంతో నచ్చినది.

అయితే ఒక మాట. ఈ సొమ్ము ప్రధానముగా అక్కడి పౌరులకును, స్థిరనివాసపు హక్కుగలవారికిని. ఇక్కడనుండి విద్యార్థి వీసాతో వెళ్లువారికి రాదు. పొలము అమ్మి కొడుకును పంపదలచిన తండ్రులారా, అక్కడ ఫీజు లేదని ఎవరైన చెప్పినయెడల, ఎవరికి లేదో అడుగుడి.