వాక్యూమ్ క్లీనర్ కొనేముందు ఎత్తి చూడండి

అమ్మకి వాక్యూమ్ క్లీనర్ చూస్తున్నా. ఏ షాపుకెళ్లినా ముందు వాట్లే చెప్తున్నారు. వాట్లంటే అది తాగే కరెంటు, పీల్చే బలం కాదు. యూరప్‌లో 2017 నుంచి 900 వాట్లు దాటిన ఇంటి మెషిన్లని కొత్తగా మార్కెట్లోకి రానివ్వట్లేదు. పీల్చే బలం కిలోపాస్కల్స్‌లో ఇస్తారు, అది అడగండి.

నాకు బరువే ముఖ్యం. చక్రాల మీద నడిచే రకంలో మోటారు నేల మీదే ఉంటుంది, చేతిలో గొట్టమూ బ్రష్షూ అంతే. కానీ గడప దాటించాలన్నా, మెట్లెక్కించాలన్నా మొత్తం ఎత్తాల్సిందే! మోకాళ్ల నొప్పులున్న మనిషికి నాలుగైదు కిలోలు కూడా బరువే. అందుకే షాపులో ఎత్తి చూడాల్సింది కొనిచ్చేవాళ్లు కాదు, ఇంట్లో రోజూ వాడేవాళ్లు.

ఆయాసం ఉన్నవాళ్లుంటే సంచీ రకమే తీసుకోండి. డబ్బా రకం దులిపేటప్పుడు దుమ్మంతా మళ్లీ మొహానికే కొడుతుంది.