మధ్యలో పాడిన పాట

మా ఇంట్లో నలుగురు దేవుళ్లున్నారు. ముగ్గురు పూజగదిలో ఉంటారు. నాలుగో ఆయన గిటారు పట్టుకుని ముందుగదిలో ఉంటాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పటం చూసి, "ఈ అబ్బాయి మీ వైపు చుట్టమా అండీ?" అని అమాయకంగా అడిగాను. గాంధీగారెవరని అడిగినా మా వారు అంతగా నొచ్చుకునేవారు కారేమో! వాల్తేరులో ఇంజనీరింగు చదువుకునే రోజుల్లో హాస్టలు గదిలో రేడియో సిలోన్ పెట్టుకుని ఎల్విస్ ప్రెస్లీ పాటలు వినడం ఆయనకు అలవాటట. నేనా, అధ్యాత్మ రామాయణ కీర్తనల మధ్య పెరిగినదాన్ని. ఆ పాటలు వినబడితే వంటింటి తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని.

అలాంటిది 2004 వేసవిలో అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, "నయాగరా చూద్దాం నాన్నా" అని పిల్ల అంటే, "నీళ్లు గోదాట్లో చూశాం గానీ, మెంఫిస్ తీసుకెళ్లు" అన్నారీయన. అమ్మాయి వాళ్లుండేది నాష్‌విల్. అక్కడికి మూడు గంటల పైచిలుకు ప్రయాణం. "తప్పదులెండి అత్తయ్యగారూ, మావయ్యగారికిది కాశీయాత్ర" అన్నాడు అల్లుడు. కాశీయాత్ర అన్నాక ప్రసాదం ఉండొద్దూ! డబ్బానిండా పులిహోర కలిపి నేనూ బయల్దేరాను.

ఆ రోజు జులై 5, సోమవారం. సరిగ్గా యాభై ఏళ్ల కిందట, 1954 జులై 5న, అదీ సోమవారమే, మెంఫిస్‌లో యూనియన్ ఎవెన్యూ అనే వీధిలో 706 నంబరు కొట్టులో ఎల్విస్ మొదటి రికార్డు పాట పాడాడట. కొట్టు అనే అనాలి. నగరంలో పెద్ద భవంతులెన్నో దాటుకుని వచ్చి, ఇదే సన్ స్టూడియో అంటే, "ఇదా!" అన్నాను పైకే. మూలమీద చిన్న ఇటుకల కట్టడం. మన బజార్లో బట్టల కొట్టు దీనికంటే పెద్దగా ఉంటుంది.

కానీ జనం! ఎండ మన బెజవాడ ఎండకు చెల్లెలు. ఆ ఎండలో వీధి పట్టనంత మంది. కుర్రాళ్లు ఉంటారనుకున్నాను గానీ, చాలామంది నా ఈడువాళ్లు, నాకంటే పెద్దవాళ్లు. ఎల్విస్ బొమ్మ ఉన్న చొక్కాలు, చేతిసంచులు, చెవిపోగులు. పక్కన మడత కుర్చీ వేసుకుని కూచున్న ఓ పెద్దావిడ నన్ను చూసి లేచి, కాసేపు కూర్చోమని బలవంతపెట్టింది. తన చేతిలో విసనకర్ర ఇచ్చింది. దాని మీదా ఎల్విసే! ఊరుకుంటే ఏం బాగుంటుందని పులిహోర పెట్టాను. "కారమా?" అని భయంభయంగా అడిగి, ఆనక ఇంకాస్త అడిగి పెట్టించుకుంది. దేవుడు ఎవరైతేనేం, ఉత్సవంలో కలిసిన ఆడవాళ్లకు పరిచయం ఎంతసేపు!

ఆ రాత్రి గిటారు వాయించిన స్కాటీ మూర్ స్వయంగా వచ్చాడు. 1954లో ముగ్గురున్నారు. పాడిన ఎల్విస్ 1977లో పోయాడు. పెద్ద బేస్ వాయించిన బిల్ బ్లాక్ 1965లోనే పోయాడు. రికార్డు చేసిన స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ కూడా అంతకు ముందటేడు, 2003 జులై 30న, పోయాడు. ఆ మర్నాడే ప్రభుత్వం ఆ కట్టడాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించిందట. అంచేత మూర్‌గారొక్కడే మిగిలాడు. ఆయన మీట నొక్కగానే ఆ పాట ప్రపంచంలో ఎన్నో రేడియో స్టేషన్ల నుంచి ఒక్కసారిగా వినిపించే ఏర్పాటు చేశారు. జనం ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. ఆయన నొక్కాడు. పాట వచ్చింది.

చెప్పొద్దూ, "ఇంతేనా?" అనిపించింది. రెండు నిమిషాలైనా లేదు. డ్రమ్ము లేదు, బృందగానం లేదు. రెండు గిటార్లు, ఒక బేస్, ఓ కుర్రాడి గొంతు. అయితే ఆ గొంతులో ఏదో ఉంది సుమండీ. సెలవు ఇచ్చారని తెలిసిన పిల్లాడు పుస్తకాల సంచి గిరాటేసి వీధిలోకి పరుగెత్తినట్టుంది. పక్కనున్న పెద్దావిడ కళ్లు తుడుచుకుంటోంది. మా వారు ఎటో చూస్తున్నారు. అటు చూసేందుకేమీ లేదని నాకు తెలుసు.

మర్నాడు జనం పల్చబడ్డాక లోపలికి వెళ్లాం. పద్ధెనిమిది అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు గది. గోడలకీ కప్పుకీ తెల్లటి చిల్లుల పలకలు. నేలమీద ఎల్విస్ నిలబడ్డ చోటని గుర్తు పెట్టారు. అక్కడ నిలబడి, పాతకాలపు మైకు పట్టుకుని, మా వారు ఫొటో తీయించుకున్నారు. అరవై దాటిన మనిషి కాలు వంచి నిలబడబోతే అల్లుడు పట్టుకోవలసి వచ్చింది.

గైడు పిల్ల చెప్పిన కథ మాత్రం నా మనసులో ఉండిపోయింది. అప్పటికి ఎల్విస్‌కి పంతొమ్మిదేళ్లు. ఎలక్ట్రికల్ కంపెనీలో లారీ తోలేవాడు. ఆ సాయంత్రం ముగ్గురూ వచ్చి మెల్లగా సాగే ప్రేమపాటలు రికార్డు చెయ్యబోయారు. ఒళ్లు దగ్గర పెట్టుకుని, బుద్ధిగా, పద్ధతిగా పాడాడు. ఏదీ కుదరలేదు. రాత్రయింది. తెల్లారితే ఎవరి ఉద్యోగాలు వాళ్లకున్నాయి. కాస్త ఆగుదాం అనుకున్నారు. ఆ ఆగిన వేళ, ఎల్విస్ ఉన్నట్టుండి ఓ పాత పాట అందుకుని గంతులు మొదలుపెట్టాడు. నవ్వుతూ బిల్ బ్లాక్ బేస్ అందుకున్నాడు, మూర్ గిటారు కలిపాడు. ఇదంతా వేళాకోళం. యంత్రాల గది తలుపు తెరిచి ఉంది. శామ్ ఫిలిప్స్ తల బయటపెట్టి ఏం చేస్తున్నారర్రా అని అడిగాడట. మాకే తెలీదన్నారట. అయితే మళ్లీ మొదట్నించీ పట్టండి అని లోపలికి వెళ్లి టేపు తిప్పాడు. అదీ సంగతి!

అది వినగానే ఆ గదిలోంచి మా తెనాలి ఇంటి వంటింట్లోకి వెళ్లిపోయాను.

1979లో మా మరిది కువైటు నుంచి టూ ఇన్ వన్ తెచ్చాడు. మా అమ్మ పాటలు రికార్డు చెయ్యాలని నాకు మహా సరదా. అది పట్టుకుని పుట్టింటికి వెళ్లాను. అమ్మని కూర్చోమంటే, ఉండవే అని లోపలికెళ్లి పట్టుచీర కట్టుకుని వచ్చింది! టేపులో చీర కనపడదే అమ్మా అంటే వింటేగా. నాన్న వీధి తలుపు వేయించారు. పిల్లల్ని గదమాయించారు. అమ్మ పీట మీద మఠం వేసుకుని కూచుని, గొంతు సవరించుకుని పాడింది. ఏం పాడిందో గానీ అది మా అమ్మ గొంతు కాదు. బిగుసుకుపోయింది. చరణం మర్చిపోయింది. మధ్యలో, "అయిందా? పాలు పొంగుతున్నాయేమో చూడండర్రా" అంది. అదీ రికార్డయింది. సెల్స్ అయిపోతాయని మా తమ్ముడు మీట నొక్కి ఆపేశాడు.

అమ్మ వెళ్లి పట్టుచీర మార్చుకుని, చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ అదే కీర్తన అందుకుంది. అప్పుడొచ్చిందండీ మా అమ్మ గొంతు! చేట కొట్టిన చప్పుడే తాళం. మేమంతా విన్నాం. బావుందనీ అనుకున్నాం. టూ ఇన్ వన్ పక్కగదిలోనే ఉంది. ఒక్కరికీ లేచి వెళ్లి మీట నొక్కాలని తోచలేదు. ఆవిడ రోజూ పాడుతూనే ఉంటుందిగా! 1986లో అమ్మ పోయింది. నా దగ్గర మిగిలింది పట్టుచీర కట్టుకున్న గొంతు.

అందుకే ఎల్విస్ కంటే ఆ తెరిచి ఉన్న తలుపు నాకు గొప్పగా తోచింది. ఆ తలుపు దాకా ఆ కుర్రాణ్ణి తెచ్చిందెవరని అడిగితే, గైడు పిల్ల ముందుగదిలో బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ కూచుని స్టూడియో వ్యవహారాలన్నీ చూసుకున్న ఆవిడ పేరు మేరియన్ కైస్కర్. రేడియోలో పనిచేసిన మనిషి. 1953 వేసవిలో ఓ కుర్రాడు నాలుగు డాలర్లు పట్టుకుని తన గొంతు తనే వినాలని వచ్చాడు. ఎవరైనా డబ్బిస్తే అక్కడ అలా రికార్డు కోసి ఇచ్చేవారు. ఎవరిలా పాడతావు అని అడిగితే, ఎవరిలానూ కాదన్నాడట. మెల్లని పాటలు బాగా పాడతాడు, గుర్తుంచుకోవాలి అని ఆవిడ పేరు రాసి పెట్టుకుంది. ఆ కుర్రాడి ఇంట్లో గ్రామఫోను లేదు. స్నేహితుడింట్లో వినిపించి అక్కడే వదిలేశాడు. ఆ ఒక్క రికార్డు 2015లో వేలంలో 3 లక్షల డాలర్లు పలికింది. 1954 జూన్‌లో ఓ పాటకి గొంతు కావలసి వస్తే ఫోను చేసి పిలిచిందీ మేరియనే.

ఆ మొదటి రోజు మీట నొక్కింది తనేనని మేరియన్, కాదు తనని శామ్ ఫిలిప్స్. ఆ తగవు చివరిదాకా తెగలేదు. నాకు నవ్వొచ్చింది. మన ఇళ్లలో పులుసు బావుంటే మగవాళ్లు తెచ్చిన కూరల గొప్ప, బాగోకపోతే మన చేతి మహిమ! అయితే ఆవిడ అక్కడ ఆగిపోలేదు. 1955లో ఫిలిప్స్ మెంఫిస్‌లో ఆడవాళ్లే మాట్లాడే రేడియో స్టేషను పెడితే, అందులో మొదట వినిపించిన గొంతు ఆవిడదే. తర్వాత వైమానిక దళంలో చేరి కెప్టెనయింది. 1960లో జర్మనీలో సైన్యం నౌకరీ ముగించుకుని వెళ్తూ ఎల్విస్ విలేకరులతో మాట్లాడుతుంటే, యూనిఫారంలో ఉన్న ఈవిణ్ణి చూసి గుర్తుపట్టాడట. 1989లో పోయింది. నిన్న వీధిలో చూసిన అన్ని చొక్కాల్లో ఒక్కదాని మీదా ఈవిడ బొమ్మ నాకు కనబడలేదు.

కనబడని మనిషి ఇంకొకాయనా ఉన్నాడు. ఆ రాత్రి గంతులేస్తూ పాడిన పాత పాట ఎల్విస్‌ది కాదు. ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడు కట్టి, 1946లో చికాగోలో రికార్డు చేసిన పాట. ఎల్విస్ పాడింది అదే వారం రేడియోలో డ్యూయీ ఫిలిప్స్ అనే ఆయన వేస్తే (ఇంటిపేరు ఒకటే గానీ శామ్‌కి చుట్టం కాడు) ఊరంతా ఫోన్లు. భయపడి సినిమాహాల్లో దాక్కున్న ఎల్విస్‌ని అమ్మానాన్నా వెతికి తీసుకొచ్చారు. ఏ హైస్కూల్లో చదివావు అని డ్యూయీ మైకులో అడిగాడు. ఎందుకో తెలుసా? ఆ రోజుల్లో తెల్లవాళ్ల బడి వేరు, నల్లవాళ్ల బడి వేరు. అది తప్పని ఆ మే నెలలోనే సుప్రీంకోర్టు చెప్పినా మెంఫిస్‌లో బడులు మారలేదు. బడి పేరు చెబితే చాలు, పాడిన పిల్లాడు తెల్లవాడని వినేవాళ్లకు తెలిసిపోతుంది. ఎల్విస్ మహారాజయ్యాడు. క్రూడప్ పొలం కూలికి పోతూ బతికి 1974లో పోయాడు. న్యాయంగా రావలసిన రాయల్టీ ఆయన బతికుండగా పూర్తిగా అందలేదు.

తిరుగు ప్రయాణంలో ఇదే మా వారితో అన్నాను. "మీ దేవుడు ఒకరి పాట పాడి, ఒకావిడ రాసిన చీటీతో, ఒకాయన తెరిచిన తలుపులోంచి వచ్చాడండీ" అని. కోపం వస్తుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "క్రూడప్ పాట కూడా దొరుకుతుందేమో చూడమ్మా" అన్నారు అమ్మాయితో. ఇప్పుడు ఆ పాటా మా ఇంట్లో వినబడుతోంది. నేను వంటింటి తలుపు వేసుకోవడం మానేశాను.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్లు దాటింది. స్కాటీ మూర్ కూడా 2016లో పోయాడు. ఏటా జులై 5న మా వారు ఆ పాట పెడతారు. నేను బీరువాలోంచి అమ్మ కాసెట్టు తీసి తుడిచి మళ్లీ లోపల పెడతాను.

మొన్నో పొద్దున కూర తరుగుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. తల ఎత్తి చూస్తే మా వారు గుమ్మంలో, చేతిలో సెల్‌ఫోను పట్టుకుని చప్పుడు చెయ్యకుండా నిలబడి ఉన్నారు. "ఏమిటండీ అది?" అన్నాను. మాట్లాడరే! సిగ్గేసింది, కోపమొచ్చింది. "చాల్లెండి, అవతల పాలు పొంగుతున్నాయేమో చూడండి" అని కసిరాను.

అనేశాక గానీ తెలియలేదు, ఆ మాట ఎవరిదో. ఫోను ఆపకండి అన్నాను.